ఒకే బండి, నాలుగు శక్తులు

2020 సెప్టెంబరులో కియా సోనెట్ అమ్మకానికి వచ్చినప్పుడు, దాని సాంకేతిక వివరాల పట్టిక చూసినవారికి ఒక సందేహం రాక మానదు. పొడవు అన్నిటికీ ఒకటే, 3,995 మిల్లీమీటర్లు. బాడీ ఒకటే. తయారయ్యే చోటూ ఒకటే: అప్పటి అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలోని పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీ. ఇంజను శక్తి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలుగు అంకెలు కనిపిస్తాయి: 83, 100, 115, 120 పీఎస్.

వేరియంట్లు హెచ్‌టీఈతో మొదలై హెచ్‌టీకే, హెచ్‌టీఎక్స్ మీదుగా జీటీఎక్స్ ప్లస్ దాకా ఉన్నాయి. ధర మెట్లెక్కుతున్న కొద్దీ శక్తి కూడా పెరుగుతుందనుకోవడం సహజం. పట్టిక అలా చెప్పదు. అన్నిటికన్నా చవకైన హెచ్‌టీఈలో 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను 83 పీఎస్ ఇస్తే, రెండు మెట్లు పైనున్న హెచ్‌టీకే ప్లస్‌లోనూ అదే ఇంజను అదే 83 ఇచ్చింది. హెచ్‌టీఈ డీజిల్ మాన్యువల్‌కు 100 పీఎస్. సన్‌రూఫ్, పెద్ద తెర, చల్లగాలి వచ్చే సీట్లు ఉన్న హెచ్‌టీఎక్స్ ప్లస్ డీజిల్ మాన్యువల్‌కూ 100 పీఎస్సే. మధ్యలో కట్టిన లక్షలు ఒక్క పీఎస్‌ను కూడా కొనలేదు.

వేరియంట్ చేసే పని వేరు. ఏ మెట్టు మీద ఏ ఇంజను, ఏ గేరుబాక్సు దొరుకుతుందో అది నిర్ణయిస్తుంది. 1.2 పెట్రోలు కింది మెట్లకే దక్కింది, 1.0 లీటరు టర్బో పెట్రోలు కావాలంటే హెచ్‌టీకే ప్లస్ దాకా ఎక్కాలి. ఎక్కువ శక్తి కోరేవారు అక్కర్లేని హంగులకు కూడా డబ్బు కట్టవలసి రావడం ఇందువల్లే. ఇది వ్యాపారం లెక్క. దీని కింద ఇంకో లెక్క ఉంది. 998 సీసీల చిన్న ఇంజను 120 పీఎస్ ఇస్తే 1,197 సీసీల పెద్దది 83 దగ్గరే ఎందుకు ఆగింది? ఒకే డీజిల్ ఇంజను ఒకచోట 100, మరోచోట 115 ఎలా అయింది? అసలు ఈ అంకెలు రోడ్డు మీద ఎంత నిజం?

శక్తి వేరు, బలం వేరు

పీఎస్ అన్నది ఐరోపా కొలత. 75 కిలోల బరువును సెకనులో ఒక మీటరు ఎత్తు లేపగలిగితే ఒక పీఎస్. వాట్లలో చెబితే 735.5. జేమ్స్ వాట్ నిర్ణయించిన బ్రిటిష్ హార్స్‌పవర్ దీనికన్నా కాస్త పెద్దది, దాదాపు 746 వాట్లు. అందుకే 120 పీఎస్ బండి హార్స్‌పవర్ లెక్కలో 118 అవుతుంది. రెండు కంపెనీల బ్రోషర్లు పక్కపక్కన పెట్టి చూసేవారు ముందు కొలత ఒకటేనా అని చూసుకోవాలి.

శక్తితో పాటు బ్రోషర్‌లో ఉండే రెండో అంకె టార్క్. దాన్ని న్యూటన్ మీటర్లలో ఇస్తారు. ఈ రెండింటి సంబంధం బావి దగ్గర బాగా తెలుస్తుంది. ఒకరు పెద్ద బిందెతో నెమ్మదిగా చేదుతున్నారు, మరొకరు చిన్న చెంబుతో గబగబా చేదుతున్నారు. ఒక్కసారికి పైకొచ్చే నీళ్లు టార్క్ లాంటివి. నిమిషానికి ఎన్నిసార్లు చేదారన్నది ఆర్‌పీఎం. నిమిషంలో తొట్టిలో పడ్డ మొత్తం నీళ్లు శక్తి. చెంబు మనిషి చేతివేగం బాగుంటే బిందె మనిషిని దాటిపోవచ్చు, కానీ ఆ వేగం అందుకున్నాకే.

లెక్క కూడా తేలికే. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7,024తో భాగిస్తే పీఎస్ వస్తుంది. సోనెట్ 1.2 పెట్రోలుకు 83 పీఎస్ వచ్చేది సుమారు 6,000 ఆర్‌పీఎం దగ్గర. వెనక్కి లెక్కేస్తే ఆ వేగంలో దాని టార్క్ దాదాపు 97 న్యూటన్ మీటర్లు. బ్రోషర్ చెప్పే 115 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్ 4,200 దగ్గరే వచ్చి వెళ్లిపోయింది. అంటే గరిష్ఠ టార్క్, గరిష్ఠ శక్తి ఒకే క్షణంలో దొరికేవి కావు. ఆర్‌పీఎంతో పాటు ఇంజను బలం ఎలా మారుతుందో చూపే గీత గీస్తే, రెండూ దాని మీద రెండు వేర్వేరు చుక్కలు.

ఇప్పుడు ఊళ్లో బండి నడిచే 2,000 ఆర్‌పీఎం దగ్గర చూద్దాం. టర్బో పెట్రోలుకు 172 న్యూటన్ మీటర్ల టార్క్ 1,500 నుంచి 4,000 దాకా నిలకడగా ఉంటుంది. 2,000 దగ్గర దాని శక్తి 49 పీఎస్. మాన్యువల్ డీజిల్‌కు 240 న్యూటన్ మీటర్లు 1,500 నుంచి 2,750 దాకా ఉంటాయి. అదే 2,000 దగ్గర దాని శక్తి 68 పీఎస్. బ్రోషర్‌లో 120 అని ఉన్న బండికన్నా 100 అని ఉన్న బండి ఇక్కడ బలమైనది. 1.2 పెట్రోలుకు దాని గరిష్ఠ టార్క్ మొత్తం ఇక్కడే వచ్చిందని ఉదారంగా అనుకున్నా 33 పీఎస్ దాటదు. షోరూమ్‌లో చెప్పే అంకెకూ, డ్రైవరు నోట వచ్చే ‘పికప్’ అనే మాటకూ మధ్య దూరం ఇదే.

ఊపిరి పట్టు

ఇంజనులో పెట్రోలు ఎక్కువ పోయడం కష్టం కాదు. ఆ పెట్రోలు మండడానికి కావలసిన గాలిని లోపలికి రప్పించడమే కష్టం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. కాబట్టి ఇంజను శక్తికి హద్దు గీసేది ఇంధనం కన్నా ముందు గాలి.

1,197 సీసీ ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన సిలిండర్ల నిండా గాలి పీలుస్తుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకు 60 లీటర్లు. బరువులో సుమారు 65, 70 గ్రాములు. అంత గాలితో నాలుగున్నర గ్రాముల పెట్రోలు మండుతుంది. దాని వేడి విలువ దాదాపు 190 కిలోవాట్లు. చేతికొచ్చే 83 పీఎస్ అంటే 61 కిలోవాట్లు. మిగిలిన మూడింట రెండు వంతులు సైలెన్సరు గుండా, రేడియేటరు గుండా, రాపిడిలో పోతాయి.

టర్బో లేకుండా వాతావరణ పీడనంతో మాత్రమే ఊపిరి తీసుకునే ఇంజనుకు శక్తి పెంచుకునే దారులు రెండే. సిలిండర్లు పెద్దవి చేయాలి, లేదా ఇంకా వేగంగా తిప్పాలి. వేగం పెంచితే వాల్వులు తెరుచుకునే వ్యవధి తగ్గి సిలిండరు నిండదు, రాపిడి పెరుగుతుంది. 6,000 దగ్గర టార్క్ 115 నుంచి 97కు పడిపోయింది ఇందుకే. ఇక సిలిండర్లు పెద్దవి చేయాలంటే మన దేశంలో పన్ను అడ్డొస్తుంది.

2006 కేంద్ర బడ్జెట్ చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించింది. పొడవు 4 మీటర్లు మించకూడదు. పెట్రోలు ఇంజనైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటకూడదు. ఈ గీత జీఎస్‌టీలోకీ వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ హద్దులో ఉన్న కారుకు 18 శాతం, దాటినదానికి 40 శాతం. 1,197, 998, 1,493 సీసీలు, 3,995 మిల్లీమీటర్లు అన్న అంకెలన్నీ ఈ గీతలకు ఇవతల నిలిచినవే. పరిమాణం పెంచే దారి మూసుకుపోయింది కాబట్టి మనవాళ్లు శక్తి కోసం గాలినే చిక్కగా చేయవలసి వచ్చింది.

పొగతో తిరిగే పంకా

స్విట్జర్లాండు ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూకీ 1905లో పేటెంటు తీసుకున్న ఆలోచన టర్బో. సిలిండర్ల నుంచి వేడిగా, వేగంగా బయటికి పోయే పొగ దారిలో చిన్న టర్బైను పెడతారు. అదే ఇరుసు రెండో చివర ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. చిన్న కార్ల టర్బోలు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతాయి. నొక్కిన గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది కనుక, దాన్ని ఇంటర్‌కూలరులో చల్లార్చి మరింత చిక్కగా పంపుతారు.

సోనెట్ 1.2 ఊపిరి సామర్థ్యంతోనే 998 సీసీ ఇంజను పనిచేసి ఉంటే 69 పీఎస్ దగ్గర ఆగేది. టర్బో దాన్ని 120కి తీసుకెళ్లింది. లీటరు లెక్కన చూస్తే 69 పీఎస్ ఉన్నది 120 అయింది. దీనికి మూల్యం ఉంది. ఎక్కువ పీడనంలో పెట్రోలు మిశ్రమం స్పార్క్ రగిల్చిన మంట తనను చేరేదాకా ఆగకుండా తనంత తానే అంటుకునే ప్రమాదం పెరుగుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. దాన్ని ఆపడానికి స్పార్క్ సమయాన్ని కంప్యూటరు ప్రతి క్షణం సవరించాలి, పెరిగిన పీడనాన్ని తట్టుకోవడానికి పిస్టన్లు, బేరింగులు గట్టిగా ఉండాలి, ఆయిలు సమయానికి మార్చాలి. టర్బో బండి ధర పెరగడానికి కారణాల్లో ఇదొకటి.

ఒకే డీజిల్, రెండు టర్బోలు

1,493 సీసీ డీజిల్ ఇంజను సంగతి ఇంకా ఆసక్తికరం. 2020 సోనెట్‌లో మాన్యువల్ గేరుబాక్సుతో వస్తే 100 పీఎస్, 240 న్యూటన్ మీటర్లు. ఆటోమాటిక్‌తో వస్తే 115 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు. సిలిండర్ల పరిమాణం మారలేదు. మారినది టర్బో. మాన్యువల్‌కు వేస్ట్‌గేటు టర్బో పెట్టారు, ఆటోమాటిక్‌కు వీజీటీ పెట్టారు.

వేస్ట్‌గేటు టర్బోలో పొగ దారి వెడల్పు మారదు. చిన్న దారి పెడితే తక్కువ వేగంలోనే టర్బో లేస్తుంది, కానీ వేగం పెరిగాక పొగకు దారి చాలక ఉక్కిరిబిక్కిరవుతుంది. అప్పుడు ఒక చిన్న తలుపు తెరిచి మిగులు పొగను టర్బైనుకు తగలకుండా బయటికి వదిలేస్తారు. వీజీటీలో టర్బైను చుట్టూ కదిలే రెక్కలుంటాయి. తక్కువ వేగంలో అవి దగ్గరికి జరిగి దారిని ఇరుకు చేస్తాయి, పొగ జోరందుకుంటుంది. వేగం పెరిగాక విడిపోయి దారి ఇస్తాయి. రెండు చివరలా లాభమే. తేడా ఎక్కువగా తెలిసేది పై వేగంలో: 4,000 ఆర్‌పీఎం దగ్గర 100 పీఎస్ ఇంజను టార్క్ 176 న్యూటన్ మీటర్లకు పడిపోతే, 115 పీఎస్ ఇంజను 202 దగ్గర నిలబడుతుంది. 2,000 దగ్గర మాత్రం రెంటికీ తేడా మూడు పీఎస్ లోపే. ఊళ్లోనే తిరిగే మనిషికి ఆ పదిహేను పీఎస్ కనబడవు. హైవే మీద లారీని దాటేటప్పుడు కనబడతాయి.

మన రోడ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఫియట్ రూపొందించిన 1,248 సీసీ డీజిల్ ఇంజను మారుతి స్విఫ్ట్‌లో 75 పీఎస్ ఇస్తే, వీజీటీతో ఎర్టిగాలో 90 ఇచ్చింది. టాటా ఇండికా విస్టాలో ఆ రెండు స్థాయులూ ఒకే బండి మీద దొరికాయి.

సోనెట్‌లో ఈ తేడా ఎక్కువ కాలం సాగలేదు. 2024 జనవరిలో కొత్త రూపంతో వచ్చిన సోనెట్‌లో మాన్యువల్, క్లచ్ పెడల్ లేని ఐఎంటీ, ఆటోమాటిక్ మూడింటికీ డీజిల్ శక్తి 116 పీఎస్, టార్క్ 250. పాత సోనెట్, కొత్త సోనెట్ సెకండ్ హ్యాండ్‌లో పోల్చి చూసేవారు తయారైన ఏడాది చూడకుండా ‘డీజిల్ మాన్యువల్’ అన్న మాట ఒక్కటీ పట్టుకుంటే పొరబడతారు.

ఇనుము అదే, ఆదేశం వేరు

టర్బో కూడా మారకుండా శక్తి మారే సందర్భాలున్నాయి. 2020లో వచ్చిన హ్యుందాయ్ ఐ20లో 1.2 పెట్రోలు ఇంజను మాన్యువల్‌తో 83 పీఎస్, ఆటోమాటిక్‌తో 88 పీఎస్. గరిష్ఠ టార్క్ రెంటికీ ఒకటే. అంటే తేడా అంతా గీత చివర్లో, ఎక్కువ ఆర్‌పీఎంల దగ్గర ఉంది.

టాటా ఆల్ట్రోజ్ ఐటర్బో 2021లో వచ్చింది. 1,199 సీసీ, మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు, 110 పీఎస్, 140 న్యూటన్ మీటర్లు, ఐదు గేర్లు. అదే కంపెనీ అప్పటికే నెక్సాన్‌లో ఆ ఇంజనునే 120 పీఎస్, 170 న్యూటన్ మీటర్లతో అమ్ముతోంది. 2024 జూన్‌లో ఆల్ట్రోజ్ రేసర్ వచ్చాక హ్యాచ్‌బ్యాక్‌కూ ఆ 120, 170 దక్కాయి, వాటితో ఆరు గేర్ల బాక్సు కూడా.

ఇలాంటి చోట మారేది చాలావరకు ఈసీయూ, అంటే ఇంజనును నడిపే కంప్యూటరు. ఏ ఆర్‌పీఎం దగ్గర, యాక్సిలరేటరు ఎంత నొక్కితే, టర్బో ఎంత పీడనం ఇవ్వాలి, ఎంత ఇంధనం చిమ్మాలి, స్పార్క్ ఎప్పుడు పడాలి అన్న పట్టికలు అందులో ఉంటాయి. ఇంజను ఎంత ఇవ్వగలదన్నది ఒక హద్దు. క్లచ్, గేరుబాక్సు ఎంత టార్క్ తట్టుకుంటాయి, రేడియేటరు ఎంత వేడి లాగుతుంది, పొగ పరీక్షలో ఎంత రావాలి, మైలేజీ ఎంత చూపాలి అన్నవి మిగతా హద్దులు. వీటిలో అన్నిటికన్నా తక్కువ ఉన్నదాని దగ్గర కంపెనీ గీత గీస్తుంది. పై వేరియంట్‌కో, ఖరీదైన మరో బండికో కొంత మిగిల్చి పెట్టుకోవడం కూడా ఆ లెక్కలో భాగం కావచ్చు.

‘రీమ్యాప్ చేస్తే ఇరవై పీఎస్ పెరుగుతుంది’ అనే దుకాణాలు తాకేది ఈ పట్టికలనే. టర్బో బండిలో శక్తి నిజంగానే పెరుగుతుంది. క్లచ్‌కూ గేర్లకూ కంపెనీ వదిలిన భద్రతా మార్జిన్ దానికి తగ్గట్టు తరుగుతుంది. వారంటీకి ముప్పు సరేసరి.

సీఎన్‌జీ ఎందుకు బరువుగా లాగుతుంది

మారుతి ఫ్రాంక్స్ 2023 ఏప్రిల్‌లో వచ్చింది. సిగ్మా, డెల్టా, డెల్టా ప్లస్ అన్న కింది మెట్లలో 1.2 పెట్రోలు, 89.7 పీఎస్. పై మెట్లయిన జీటా, ఆల్ఫాల్లో ఒక లీటరు టర్బో మాత్రమే, 100 పీఎస్. తర్వాత చేరిన సీఎన్‌జీ సిగ్మా, డెల్టాల్లోనే వచ్చింది. 1.2 ఇంజనే, కానీ గ్యాసు మీద 77.5 పీఎస్. తగ్గుదల దాదాపు 14 శాతం.

ఇక్కడా దోషి ఊపిరే. పెట్రోలును ద్రవంగా చిమ్ముతారు. అది ఆవిరయ్యాక కూడా మిశ్రమంలో రెండు శాతం లోపు చోటే తీసుకుంటుంది. పైగా ఆవిరయ్యేటప్పుడు లోపలి గాలిని చల్లబరుస్తుంది. సీఎన్‌జీ వచ్చేదే వాయువుగా. సరైన పాళ్లలో కలిసినప్పుడు మీథేన్ మిశ్రమంలో తొమ్మిదిన్నర శాతం చోటు ఆక్రమిస్తుంది. ఆ మేరకు గాలికి చోటు తగ్గిపోతుంది, చల్లబరిచే మేలు కూడా ఉండదు. దానికి తోడు డిక్కీలో సిలిండరు బరువు. సీఎన్‌జీ బండి ‘లాగడం లేదు’ అన్న మాటలో మెకానిక్కు తప్పు కన్నా భౌతికశాస్త్రం పాలు ఎక్కువ.

బ్రోషర్‌కు బయట

శక్తి పరీక్షల అంకెను 25 డిగ్రీల ఉష్ణోగ్రతకు, 99 కిలోపాస్కల్ గాలి పీడనానికి సరిచేసి ప్రకటించడం అంతర్జాతీయ పద్ధతి. హైదరాబాదు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి విశాఖ గాలి కన్నా ఐదు శాతం పలుచన. మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో అది ఇంకా పలుచబడుతుంది. ఆ సవరణ సూత్రాన్నే తిరగేసి లెక్కిస్తే, టర్బో లేని 83 పీఎస్ ఇంజను అక్కడ 75 దగ్గర ఆగుతుంది. ఏసీ కంప్రెసరు మరో రెండు మూడు కిలోవాట్లు తీసుకుంటుంది. టర్బో ఇంజను గాలి పలుచబడినప్పుడు పంకాను ఇంకాస్త వేగంగా తిప్పి ఆ లోటును చాలావరకు పూడ్చుకోగలదు. ఎత్తయిన ప్రాంతాల్లో టర్బోకు ఉండే అసలు మేలు ఇది.

టైర్ల సంగతి ఇంకొకటి. సోనెట్ కింది వేరియంట్లకు 195/65 ఆర్15 టైర్లు, పై వేరియంట్లకు 215/60 ఆర్16 టైర్లు. వ్యాసం లెక్కిస్తే మొదటిది 634 మిల్లీమీటర్లు, రెండోది 664. ఇంజను, గేర్లు ఒకటే అయితే పెద్ద చక్రం రోడ్డును తోసే బలం నాలుగున్నర శాతం తగ్గుతుంది. చూపుకు నిండుగా ఉన్న పై వేరియంటు, అదే ఇంజను ఉన్న కింది వేరియంటు కన్నా రవ్వంత మందంగా కదలవచ్చు. సన్‌రూఫ్, సీట్ల మోటార్లు, స్పీకర్లు కలిపే కిలోలు కూడా ఆ పక్కకే మొగ్గుతాయి.

ఎంత శక్తి కావాలి?

చదును రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల నిలకడ వేగానికి ఇలాంటి బండికి ఇంజను నుంచి కావలసింది పన్నెండు, పదమూడు పీఎస్ మాత్రమే. 100 కిలోమీటర్ల వేగానికి ఇరవై చిల్లర. వేగంతో గాలి నిరోధం వర్గంలో పెరుగుతుంది కాబట్టి ఆపైన గిరాకీ చురుగ్గా పెరుగుతుంది. మన హైవేల వేగాలకు 83 పీఎస్ లోటేమీ కాదు.

తేలేది ఘాట్ రోడ్డు మీద. మనుషులు, సామాను కలిపి 1,500 కిలోల బండి, నూరు మీటర్లకు ఆరు మీటర్లు లేచే ఎత్తు, గంటకు 60 కిలోమీటర్లు అనుకుందాం. చక్రాల దగ్గర 27 పీఎస్, గేరుబాక్సు నష్టాలు కలిపితే ఇంజను దగ్గర 30 పీఎస్ కావాలి. 2,000 ఆర్‌పీఎం దగ్గర 1.2 పెట్రోలు అతికష్టం మీద ఇవ్వగలిగేది అంతే. ఏసీ వేస్తే అదీ చాలదు. డ్రైవరు గేరు తగ్గించి ఇంజనును మూడు వేలు దాటించాలి. అప్పుడు బండి చక్కగా ఎక్కుతుంది, మోత పెరుగుతుంది. టర్బోకు అదే గేరులో 49, డీజిల్‌కు 68 ఉన్నాయి కాబట్టి వాటికి గేరు మార్చే పని పడదు. ఎక్కలేని బండి ఈ మూడింటిలో లేదు. ఎన్నిసార్లు గేరు మార్చాలన్నదే తేడా.

కాబట్టి టెస్ట్ డ్రైవ్ ఒంటరిగా, ఖాళీ రోడ్డు మీద చేస్తే తెలిసేది తక్కువ. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని, ఏసీ వేసి, మూడో గేరులో 1,500 ఆర్‌పీఎం నుంచి ఒక ఫ్లైఓవరు ఎక్కిస్తే బ్రోషర్ దాచిన గీత ఆకారం కాలికి తెలుస్తుంది. కాగితం మీద చూడాలంటే గరిష్ఠ టార్క్ పక్కనే ఉన్న ఆర్‌పీఎం చూడాలి. ఒక అంకె నుంచి ఇంకో అంకె దాకా అని ఉంటే బలం పరుచుకుని ఉందని, ఒకే అంకె ఉంటే బలం ఒక్కచోటే కూడిందని అర్థం.

గాలి పోయి కరెంటు వచ్చాక

విద్యుత్ బండికి ఊపిరి అక్కర్లేదు. అయినా అక్కడ కూడా వేరియంటును బట్టి శక్తి మారుతూనే ఉంది. 2024 జనవరిలో వచ్చిన టాటా పంచ్ ఈవీలో 25 కిలోవాట్-అవర్ల బ్యాటరీ ఉన్నదానికి 82 పీఎస్, 35 కిలోవాట్-అవర్లదానికి 122 పీఎస్. 2023 నెక్సాన్ ఈవీలో 30 కిలోవాట్-అవర్ల బండికి 129, 40.5 దానికి 145, టార్క్ మాత్రం రెంటికీ 215 న్యూటన్ మీటర్లే.

ఒక్కో బ్యాటరీ సెల్లు తన సామర్థ్యాన్ని బట్టి ఇంత కరెంటు కన్నా ఎక్కువ ఇవ్వకూడదు. ఇస్తే వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. బ్యాటరీ పెద్దదైతే ఒక్కసారిగా లాగగలిగే శక్తి కూడా పెరుగుతుంది. పెట్రోలు బండిలో ట్యాంకు పెద్దదైనంత మాత్రాన పికప్ పెరగదు. ఈవీలో ‘ట్యాంకు’కూ ‘ఇంజను’కూ మధ్య ఆ గోడ లేదు. రేంజి కోసం పై వేరియంట్ కొన్నవారికి శక్తి కూడా కలిసొస్తుంది.

ఈవీ బ్రోషర్‌ను కూడా పాత జాగ్రత్తతోనే చదవాలి. ప్రకటించిన గరిష్ఠ శక్తిని మోటారు ఎన్ని సెకన్లు నిలబెట్టగలదు, చార్జింగు ఇరవై శాతానికి దిగినప్పుడు, ఎండకు బ్యాటరీ కాగినప్పుడు ఎంత మిగులుతుంది అన్న వివరం ఆ అంకె పక్కన మామూలుగా ఉండదు. షోరూమ్‌లో అడగవలసిన ప్రశ్న అది.